తేదీ అడిగితే ఇంజన్ చెప్పారు

కాలిఫోర్నియాలోని శాన్ హోసే వైపు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 43, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లికి ముందు, పదిహేనేళ్ల క్రితం, ముచ్చటపడి కొనుక్కున్న 1993 మాజ్దా ఆర్‌ఎక్స్-7 ఆయనకు ఉంది. అందులో ఉన్నది పిస్టన్లు లేని రోటరీ ఇంజన్. రెండేళ్లుగా ఆ కారు గరాజులోంచి కదల్లేదు. ఆగిపోయే ముందు కారు వేడి మీద ఉంటే స్టార్టయ్యేది కాదు, చల్లబడితే గానీ పలికేది కాదు. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, తియ్యటి వాసన. ఇంజన్ను చల్లబరిచే కూలెంటు ద్రవం పోసిన కొద్దీ తగ్గిపోయేది. దగ్గరలోని మెకానిక్ ఒకరు ఇంజన్ లోపలి ఒత్తిడిని కొలిచే మామూలు కంప్రెషన్ గేజీ పెట్టి చూసి, ‘ఎపెక్స్ సీల్ పోయింది, ఇంజన్ పని అయిపోయింది’ అన్నారట.

అప్పటి నుంచి ఆయన ముందు మూడు దారులున్నాయి. రోటరీ ఇంజన్లు బాగుచేసే షాపు ఉన్న ఇంజన్నే దించి కొత్తగా కట్టడానికి 11 వేల డాలర్లు అడిగింది. మరో షాపు, షెవర్లే స్పోర్ట్స్ కారు కొర్వెట్‌లో వచ్చే 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఎక్కించడానికి 28 వేలు అన్నది. ఇంతలో ఒక మిత్రుడు, తన దగ్గర 2004 నాటి ముప్పావు టన్ను పికప్ ట్రక్కు నుంచి తీసిన 6 లీటర్ల వీ8 ఉందనీ, 1,500 డాలర్లకు ఇస్తాననీ, శని ఆదివారాల్లో ఇద్దరం కలిసి ఎక్కిద్దామనీ, మొత్తం 12 వేలలో తేలిపోతుందనీ అంటున్నారు. పొగ పరీక్ష సంగతి ‘తర్వాత చూసుకుందాం’ అట. ఇంకో మిత్రుడు మాత్రం, ఆ కారులోంచి రోటరీ తీయడమంటే ప్రాణం తీయడమేనని మాట్లాడటం మానేశారు.

భార్య ఆసుపత్రిలో ఫార్మసిస్టు. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగుతారు. గరాజులో ఈ కారే ఉంది గనుక, ఇంటి ముందు కూడా చోటు దొరక్క రెండు వీధుల అవతల కారు పెట్టి నడిచి వస్తారు. పదకొండేళ్ల కూతురు ఒకసారి ‘నాన్నా, దీనికి నిజంగా ఇంజన్ ఉందా?’ అని అడిగింది. పోయిన నెలలో భార్య, ‘ఏ ఇంజనైనా పెట్టుకోండి, నాకు మాత్రం తేదీ చెప్పండి’ అన్నారు. ‘మొత్తానికి ఆమె ఒప్పుకున్నట్టే. ఇప్పుడు ఏ ఇంజన్ పెట్టాలో మీరు చెప్పండి’ అని ఉత్తరం ముగించి, కింద ఇంకో ప్రశ్న చేర్చారు: రెండేళ్లు కదలని ఇంజన్‌ను ఇప్పుడు తిప్పి చూడవచ్చా?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టార్కు, అంటే ఇంజన్ తిప్పుడు బలం గురించి పేజీన్నర ఉంది. మీ ఆవిడ రాత్రి నడక గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ గరాజు కొలతల మధ్య ఇరుక్కుని. మీరు దాచలేదు, రాశారు, అందుకు సంతోషం. కానీ ఆమె అన్న మాటను మీరు విన్న తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. ‘ఏ ఇంజనైనా పెట్టుకోండి’ అన్నది అనుమతి కాదండీ. ఆ చర్చ నాకు అక్కర్లేదని చెప్పడం. ఆమె అడిగింది తేదీ. మీరు వీ8 అని జవాబు చెప్పబోతున్నారు. ఇంతకుముందు కూడా ఆమెకు ఇలాంటి జవాబులే వచ్చి ఉంటాయని నా అనుమానం.

అందుకని ముందు గరాజునూ ఇంజన్‌నూ విడదీయండి. ఈ రెండింటినీ కలిపి చూస్తున్నంత కాలం ఇంజన్ తేలేదాకా గరాజు ఖాళీ కాదు, గరాజు ఖాళీ చేయాలనే తొందరలో ఇంజన్ విషయంలో తప్పు చేస్తారు. మీ కారును ‘నడపని వాహనం’గా డీఎంవీలో (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ శాఖ) నమోదు చేయించానని రాశారు. ఆ నమోదు ఉన్న కారును నడపకూడదు సరే, వీధిలో నిలపడానికి కూడా వీల్లేదు. కాబట్టి మీ ఆవిడ కారు లోపలికి వచ్చి మీది వీధిలోకి వెళ్లడం కుదరదు. మూత ఉన్న స్టోరేజీ ఒకటి నెల అద్దెకు తీసుకుని టో ట్రక్కు మీద పంపండి. దీనికి ఒక తేదీ చెప్పగలరు, ఈ నెలలోనే చెప్పగలరు. నష్టం కూడా చెబుతాను: నెలనెలా అద్దె కట్టాలి. పైగా కంటికి కనపడని కారు మనసులోంచి కూడా జారిపోతుంది. అలా ఏళ్లకేళ్లు స్టోరేజీలో దుమ్ము పట్టిన కార్లు నాకు తెలుసు. ఆరు నెలల అద్దె ముందే కట్టి, ఆరో నెలాఖరును ఇంజన్ నిర్ణయానికి గడువుగా పెట్టుకుంటే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది.

ఇక ఇంజన్. మీరు మందు ఎంచుకుంటున్నారు గానీ రోగం ఏమిటో ఇంకా తేలలేదు.

మీ కారులోని 13బీ ఇంజన్లో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. ఒక్కోటి 654 సీసీల చొప్పున రెండు గదులు, ఒక్కో గదిలో బొద్దు త్రికోణంలాంటి రోటరు. దాని మూడు కొనల మీద ఉండే సన్నటి లోహపు పట్టీలే ఎపెక్స్ సీళ్లు. మామూలు ఇంజన్లో పిస్టన్ రింగులు చేసే పని ఇవి చేస్తాయి. రోటరుకు మూడు ముఖాలు, ఒక్కో ముఖానికి విడివిడిగా కంప్రెషన్. మామూలు గేజీ ఆ మూడింటిలో ఎక్కువగా ఉన్న అంకెను పట్టుకుని నిలబడుతుంది, మిగతా రెండూ చచ్చిపోయి ఉన్నా చెప్పదు. అందుకే రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది, మూడు ముఖాలకూ మూడు అంకెలు ఇస్తుంది. మీ మెకానిక్ మంచివారే కావచ్చు, చేతిలో ఉన్న పరికరం మాత్రం ఈ ఇంజన్‌కు పనికొచ్చేది కాదు.

వేడి మీద స్టార్ట్ కాకపోవడం కంప్రెషన్ తగ్గిన లక్షణమే, ఒప్పుకుంటాను. కానీ తెల్లటి పొగ, తియ్యటి వాసన, తగ్గిపోయే కూలెంటు ఎపెక్స్ సీల్ లక్షణాలు కావు. రోటరు గదులకూ వాటి పక్క ఇనుప పలకలకూ మధ్య కూలెంటును ఆపే రబ్బరు సీళ్లు ఉంటాయి. కారు ఒక్కసారి బాగా వేడెక్కితే చాలు, అవి పోతాయి. మీ తరం ఆర్‌ఎక్స్-7లో కూలెంటు లోంచి గాలిని వేరుచేసే ప్లాస్టిక్ తొట్టి ఒకటి కంపెనీ నుంచే వచ్చేది. పాతబడి పగలడానికి అది పేరుమోసింది. మీ కారుకు ఇంకా అదే ఉంటే నా అనుమానం ముందుగా దాని మీదే.

ఏ సీల్ పోయినా ఇంజన్ దించక తప్పదు, మరి తేడా ఏమిటి అంటారా? డబ్బులో ఉంది. ఎపెక్స్ సీల్ విరిగితే ఆ ముక్క గది గోడ మీది పూతను గీసేస్తుంది, బయటికి పోతూ టర్బోను కూడా కొట్టవచ్చు. అప్పుడు గదులు కొత్తవి కావాలి, 11 వేలు ఎక్కడికో పోతుంది. కూలెంటు సీల్ మాత్రమే అయితే, వేడికి పలకలు వంగకుండా ఉంటే, పాత భాగాల్లో చాలావరకు మళ్లీ వాడుకోవచ్చు. మీ 11 వేల అంచనాలో గదులు కలిపారా లేదా? ఉత్తరంలో లేదు. షాపును ఈ ఒక్క మాట అడగండి. వాళ్లు తడుముకుంటే మరో షాపు చూసుకోండి.

రోటరీనే తిరిగి కట్టిస్తే ఏమవుతుంది? ఉన్న ఇంజన్నే బాగుచేశారు గనుక ఇంజన్ మార్పు కింద లెక్క రాదు, అదనపు తనిఖీ ఉండదు. 1999, అంతకు ముందు కార్లకు మీ ప్రాంతంలో పొగగొట్టం దగ్గరే కొలుస్తారు, కాబట్టి పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్, గాలి పంపు సక్రమంగా ఉండాలి. గొట్టాల చిక్కు తగ్గించాలని కొన్ని వాక్యూమ్ పైపులు పీకి డబ్బాలో పెట్టానని రాశారు, ఆ డబ్బా పారేయకండి. ఇంజన్ కొత్తగా కట్టించినా దాని స్వభావం మారదని గుర్తుంచుకోండి. సీళ్లు తడపడానికి అది కావాలనే ఆయిల్ తాగుతుంది, పెట్రోలు పోయించినప్పుడల్లా ఆయిల్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి నాలుగడుగులు జరిపి ఆపేస్తే లోపల పెట్రోలు నిండి ఫ్లడ్ అవుతుంది. ఎన్నేళ్లకో ఒకనాడు మళ్లీ దించమంటుంది. గారాబంగా పెరిగిన పిల్లలాంటిది. పదిహేనేళ్ల క్రితం ఆ ఓపిక మీకుంది, ఇప్పుడు ఉందా అన్నది మీరే చెప్పాలి.

వీ8 సంగతికి ముందు ఒక పాత జ్ఞాపకం. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి చిన్న షెడ్డు ఉండేది. పెట్రోలు ధర చూసి బెంబేలెత్తినవాళ్లు అంబాసిడర్లు తెచ్చి మాటడోర్ డీజిల్ ఇంజన్ ఎక్కించమనేవారు. గొలుసు కప్పీకి వేలాడుతూ పాత ఇంజన్ పైకి లేచినప్పుడు కారు ముక్కు ఒక్కసారిగా పైకి లేచేది. డీజిల్ ఇంజన్ దిగగానే మునుపటి కన్నా కిందికి కుంగేది. స్టార్ట్ చేస్తే లోపలి అద్దం వణికి, వెనక సీట్లో కూర్చున్నవాళ్ల ముఖం నాలుగు ముఖాలై కనిపించేది. నాన్న అనేవారు: ‘ఎక్కించడానికి మూడు రోజులు, దానితో కాపురానికి మూడు నెలలు.’ మౌంటింగులు, సైలెన్సరు గొట్టం, రేడియేటరు, క్లచ్చు, ఒక్కోటీ ఒక్కో వారం వచ్చి పలకరించేవి. ఆ తర్వాత ఆర్‌సీ పుస్తకంలో ఇంజన్ నంబరు మార్పించుకునే తిరుగుడు. అది చేయించుకోనివాళ్లు కారు అమ్మబోయిన రోజున మళ్లీ మా షెడ్డుకే వచ్చేవారు.

మీ 28 వేల అంచనాను ఆ కళ్లతో చూస్తున్నాను. ఎల్‌ఎస్1 మంచి ఎంపికే. 1997లో కొర్వెట్‌తో వచ్చింది, అల్యూమినియం బ్లాకు, 345 హార్స్‌పవర్. కామ్‌షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాకు లోపలే ఉండటంతో 5.7 లీటర్లయినా బయటికి చిన్నదిగా ఉంటుంది. మీ ఆర్‌ఎక్స్-7లోకి అందుకే ఇముడుతుంది. అమెరికాలో అమ్మిన మీ కారు శక్తి 255 హార్స్‌పవర్. అసలు తేడా టార్కులో: 217 పౌండ్-ఫీట్ నుంచి 350కి. ఆ తోపుడు, వెనక చక్రాలకు శక్తిని పంచే మీ పాత డిఫరెన్షియల్ మీద పడుతుంది, అది తట్టుకోకపోవచ్చు. కాబట్టి అంచనాలో డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్, ముందు సబ్‌ఫ్రేమ్, ఆరు గేర్ల పెట్టె, పెట్రోలు లైన్లు, వైరింగు, ఏసీ పైపులు, మీటర్లు పనిచేయించడం ఇవన్నీ ఉన్నాయేమో ఒక్కొక్కటీ టిక్కు పెట్టించుకోండి. అన్నీ ఉంటే 28 వేలు ఎక్కువేమీ కాదు. సగమే ఉంటే మాత్రం అది అసలు ధర కాదు, అడ్వాన్సు.

డబ్బుకన్నా పెద్ద గుమ్మం మీ రాష్ట్రంలో ఇంకోటి ఉంది. కాలిఫోర్నియాలో ఇంజన్ మార్చిన కారును మామూలు స్మాగ్ (పొగ పరీక్ష) కేంద్రం కాక, రాష్ట్రం తరఫున తనిఖీ చేసే రిఫరీ చూస్తారు. కొత్త ఇంజన్, కారు తయారైన ఏడాదిదో అంతకన్నా తర్వాతిదో అయి ఉండాలి, ఆ తరగతి కారుకు ఉన్న కాలుష్య ప్రమాణానికి తగ్గకూడదు. దానితో పుట్టిన కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సార్లు, పెట్రోలు ఆవిరి పట్టే డబ్బా, కంప్యూటరు, చెక్ ఇంజన్ దీపం అన్నీ వెంట రావాలి. సగం ఈ కారువీ సగం ఆ కారువీ కలపకూడదు. అన్నీ సరిపోతే తలుపు చట్రం దగ్గర లేబుల్ అంటిస్తారు, అప్పటి నుంచి రెండేళ్లకోసారి మామూలు కేంద్రంలోనే పరీక్ష. కాబట్టి ఎల్‌ఎస్1 దారిలో వెళితే ఒట్టి ఇంజన్ కొనకండి. నేల మీద నిలబడి ఉన్న పూర్తి కారు కొనండి, గుద్దుకున్న కొర్వెట్ అయినా, 1998-2002 మధ్య కమారో అయినా. రిఫరీ దగ్గర పాసైన కారు ఆ షాపు చేతి మీదుగా ఏదైనా బయటికొచ్చిందా అని అడగండి. ఉంటే దాని లేబుల్ ఫోటో చూపించమనండి.

ఇప్పుడు మీ మిత్రుడి ఇంజన్. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు ఉంది మీ వ్యవహారం. ముప్పావు టన్ను పికప్ బరువు వాహనాల తరగతి. ఆ తరగతి ప్రమాణానికి ధ్రువీకరించిన ఇంజన్‌ను మీ తేలిక కారులో పెడితే రిఫరీ ఒప్పుకోరు. కన్వర్టర్లు, ఆవిరి డబ్బా ఎప్పుడో పోయాయని మీరే రాశారు. పైగా అది ఇనుప బ్లాకు. రోటరీ చిన్నదిగా ఉండటం వల్లే మాజ్దావాళ్లు దాన్ని ముందు చక్రాల వెనక్కి జరిపి బరువును ముందూ వెనకా సమానంగా పంచారు. ఆ పొందికంతా ఇనుము కింద నలిగిపోతుంది. ‘తర్వాత చూసుకుందాం’ అంటే, 12 వేలు, ఎన్నో ఆదివారాలు పోసి రోడ్డెక్కలేని కారును తయారుచేసుకోవడం. రేసు ట్రాకుకు మాత్రమే ట్రెయిలరు మీద తీసుకెళతానంటే అది వేరే సంగతి, కానీ మీరు రాసింది కోస్తా రోడ్డు మీద పొద్దున్నే నడపాలని. స్నేహితుడి మాట కాదంటే చిన్నబుచ్చుకుంటారేమోనన్న భయం మీ వాక్యాల్లో కనిపించింది. ఇంజన్ వద్దని చెప్పి, మీది దించే రోజున సాయానికి రమ్మని పిలవండి. ఆయనకు కావలసింది ఆ ఆదివారాలేననిపిస్తోంది.

అమ్మేయడం గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను. కాలిఫోర్నియాలో అమ్మేవారే పొగ పరీక్ష సర్టిఫికెట్ ఇవ్వాలి, కదలని కారుకు అది రాదు. అందువల్ల ఇప్పుడున్న స్థితిలో వేరే రాష్ట్రపు కొనుగోలుదారునో డీలరునో వెతకాలి, ధర కోసుకోవాలి. అయినా ఈ తరం కారు అమెరికాలో 1993 నుంచి 1995 మోడళ్ల వరకే అమ్మారు, కోయని బాడీ, అసలు భాగాలు ఉన్నదాని కోసం వెతికేవాళ్లు ఉన్నారు. సబ్‌ఫ్రేమ్ మార్చి వీ8 ఎక్కించాక కొనేవాళ్లు వేరు, లెక్కలు వేరు. రెండేళ్లలో అమ్మే ఆలోచన మనసులో ఏ మూలనైనా ఉంటే వీ8 మీద 28 వేలు పెట్టకండి, తిరిగి రావు. పాత సామాన్లు దాచినా, వెనక్కి మార్చేవాళ్లు అరుదు.

ప్రాణం తీయడమే అన్న మీ రెండో మిత్రుడి మీద నాకు కోపం లేదు. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బీలో ఉన్నది నాలుగు రోటర్ల ఇంజనే, ఆ అభిమానానికి ఆధారం ఉంది. అయితే ఆయన కారు నడుస్తోంది, మీది నడవడం లేదు. ఆయన అభిమానానికి అద్దె మీ ఆవిడ కట్టనక్కర్లేదు.

నా మొగ్గు అడిగితే ఇదీ: సరైన టెస్టర్‌తో పరీక్ష, ఆ తర్వాత గదులు బాగుంటే రోటరీయే. గదులు పోయి ఖర్చు రెట్టింపయ్యేలా ఉంటే, చేతిలో డబ్బుండి మరో పదేళ్లు ఉంచుకునేట్టయితే, పూర్తి కారు కొని ఎల్‌ఎస్1. రెండూ కుదరకపోతే అమ్మకం. మీది రెండు సీట్ల కారు, ఇంట్లో ముగ్గురున్నారు. ఆ మూడో మనిషి ఎప్పుడూ బయటే నిలబడి చూసే కారుకు ఎంత ఖర్చు న్యాయమన్నది ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి, నేను తేల్చేది కాదు.

చివరి ప్రశ్న సులువైనది. తిప్పవచ్చు, కానీ నేరుగా తాళం తిప్పకండి. నాలుగు ప్లగ్గులూ విప్పండి. ప్లగ్గు తడిగా, ఆ తియ్యటి వాసనతో వస్తే లోపల కూలెంటు చేరిందన్న మాట, నా అనుమానం సగం నిజమైనట్టే. ఒక్కో గదిలో కొద్దిగా ఆయిల్ వదిలి ఒక రాత్రి ఆగండి. మర్నాడు ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, చేత్తో నెమ్మదిగా తిప్పండి. పట్టేస్తే బలవంతం చేయకండి. తేలిగ్గా తిరిగితే పెట్రోలు, స్పార్కు రెండూ కట్ చేసి, ముందు రోటరుకు ఒక ప్లగ్గు మాత్రం విప్పి ఉంచి, మిగతావి బిగించి స్టార్టరు తిప్పండి. ఆ పనికి మీ అమ్మాయిని పిలవండి. మీరు తాళం దగ్గర కూర్చోండి, ఆమెను బానెట్‌కు కాస్త దూరంగా నిలబెట్టి లెక్కపెట్టమనండి. ప్లగ్గు రంధ్రంలోంచి ఫుస్సు, ఫుస్సు, ఫుస్సు అని మూడు ఊపిరులు వరసగా వస్తుంటాయి. మూడూ ఒకే బలంతో ఉంటే ఎపెక్స్ సీళ్లు బతికే ఉన్నట్టు. ఒకటి గట్టిగా, రెండు నీరసంగా ఉంటే ఒక సీల్ పోయినట్టు, ఎందుకంటే ఒక్కో సీల్ రెండు ముఖాలకు కాపలా. తర్వాత వెనక రోటరుకు ఇలాగే. ఇంజన్ ఉందా లేదా అన్న ఆమె ప్రశ్నకు కూడా అక్కడే జవాబు దొరుకుతుంది.